ఆటే ఉద్యోగమైన మనిషి

జూబిలీ హిల్స్ గుట్టల మీద ఇప్పుడు తొందరగా చీకటి పడదు. పొద్దు గుంకేసరికి ఇనుప స్తంభాల మీద పెద్ద దీపాలు వెలుగుతవి. వాటి క్రింద, చుట్టూ వలలు కట్టిన ఆవరణలో, ప్లాస్టిక్ పచ్చిక పరచిన చిన్న మైదానంలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. మైదానం గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది. ఫిల్మ్‌నగర్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడల్లా మనుమణ్ణి అక్కడికి తీసుకుపోయి, తిరిగి తీసుకురావటం నా పని. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా ఉన్నవాణ్ణి; బెంచీ మీద కూర్చున్నా నా కళ్ళు పిల్లల తలలు లెక్కపెట్టటం మానవు.

మొన్న వేసవిలో ఆ పిల్లవాడు అన్నం తింటూ ఒక మాట అన్నాడు. పదో తరగతి కాగానే ఇంటర్మీడియట్‌లో చేరడట. ఫుట్‌బాల్ నేర్పే అకాడెమీకి పోతాడట. మా అమ్మాయి చేతిలో గరిటె ఆగిపోయినది. "నాన్నా, మీరైనా చెప్పండి వాడికి! ఆట కూడు పెడుతుందా?" అన్నది.

ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. వెనుక మా అల్లుడు బ్యాంకు ఉద్యోగం వదిలి సినిమా ఎడిటింగు గదిలో సహాయకుడుగా చేరినప్పుడు, అచ్చంగా ఇదే మాట అన్నవాణ్ణి నేను. ఆ రోజున సినిమా కూడు పెట్టదని వాదించాను. ఇప్పుడు తింటున్నది ఆ కూడే గనుక వెంటనే నోరు మెదపలేకపోయాను. అల్లుడుగారు కూడా పెదవి విప్పలేదు. కంచంలోకి చూస్తూ కూర్చున్నారు. ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే నాకు ఒక మనిషి జ్ఞాపకం వచ్చారు. ఆయన మహమ్మద్ హబీబ్.

ఈనాటి విద్యార్థులలో ఆ పేరు విన్నవారు కొద్దిమందే ఉంటారనుకుంటాను. 1949 జూలై 17న హైదరాబాదులో పుట్టి, పద్దెనిమిదేళ్ళ పాటు కలకత్తా మైదానాలలో ఆడి, 2023 ఆగస్టు 15న హైదరాబాదులోనే కన్నుమూశారు. మన దేశంలో మొట్టమొదటి నిజమైన వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడని ఆయనను చెప్పుకుంటారు. ఈ మాట బరువు తెలియాలంటే, ఆయనకు ముందు మన నగరంలో ఆటగాళ్ళు ఎట్లా బ్రతికారో కొంచెం చూడాలి.

జూబిలీ హిల్స్ అంతా బండరాళ్ళూ తుప్పలూగా ఉన్న కాలం అది. సినిమావారు ఇంకా మద్రాసులో ఉన్నారు. ఆనాడు హైదరాబాదు పేరును దేశమంతా మోసినది ఫుట్‌బాల్. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా 1950లో ఒకసారి, 1954లో మరొకసారి తెచ్చినది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు మనవారే, అనగా బడిపంతులు. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను పనిచేశారు.

రహీం గారి పాఠాలు తలచుకుంటే సాటి ఉపాధ్యాయునికి అసూయ కలుగుతుంది. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకొని విన్యాసాలు చేయరాదనే షరతుతో ఒక పోటీ పెట్టేవారు. వాటం లేని కాలితోనే కొట్టాలని మరొక పోటీ. పొట్టి పిల్లలు పొడుగరుల మధ్య నలిగిపోకుండా ఎత్తును బట్టి వేరొక పోటీ. అలవాటైన కాలును కట్టిపెడితే గదా రెండవ కాలు మేలుకొనేది! అమ్ముగూడ నుంచి వచ్చే తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు దారి ఖర్చుకు డబ్బు లేదంటే, అద్దె సైకిలుకు తామే పైకం ఇచ్చి రప్పించుకున్నారు. ఆ బలరాం తరువాత రోము ఒలింపిక్సులో హంగరీ మీద గోలు కొట్టాడు.

రహీం గారు దేశపు జట్టుకు శిక్షకులై 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం తెచ్చారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మన జట్టు నాలుగవ స్థానంలో నిలిచినది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, లక్షమంది ప్రేక్షకులు మన జట్టును గేలి చేస్తుండగా, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ స్వర్ణం గెలిచారు. గోళ్ళు కొట్టినవారు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. ఈ బెనర్జీ పేరును పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది. రహీం గారికి అప్పటికే ఊపిరితిత్తులలో రాచపుండు. మరుసటి యేడు జూన్ 11న పోయారు. వారి కథను 2024లో 'మైదాన్' అని హిందీలో సినిమా తీశారు. రగ్బీ మీద 'సై', క్రికెట్ మీద 'జెర్సీ' తీసిన ఫిల్మ్‌నగర్ గుమ్మంలోనే ఈ కథ ఇన్నేళ్ళు పడి ఉన్నది. బొంబాయివారు వచ్చి ఎత్తుకుపోయారు. నాకు ఆ కోపం ఇంకా తీరలేదు.

అసలు సంగతికి వస్తాను. ఆ పోలీసు జట్టు ఆటగాళ్ళంతా పోలీసు ఉద్యోగులు. జీతం ఇచ్చేది పోలీసు శాఖ. ఆట వారి యోగ్యతలలో ఒకటి. మోకాలు విరిగినా, వయసు మళ్ళినా ఖాకీ బట్టలు మిగిలేవి. కలకత్తాలోనూ పద్ధతి ఇదే. ఆటగాళ్ళలో చాలామందికి బ్యాంకులోనో, రైల్వేలోనో, రేవు కార్యాలయంలోనో, కస్టమ్సులోనో ఒక కుర్చీ ఉండేది. క్లబ్బు ఇచ్చే డబ్బు దానికి పైన. ఆ కుర్చీ మీద ఆశతోనే తల్లిదండ్రులు పిల్లలను ఆడనిచ్చేవారు. ఆట ద్వారా ఉద్యోగం వస్తే చాలునన్నది ఆనాటి గృహస్థుల లెక్క. నేను తండ్రినైనా ఆ లెక్కే వేసి ఉందును.

హబీబ్ ఆ కుర్చీ వద్దన్నారు. కలకత్తాలో ఆడినన్నాళ్ళూ ఏ కార్యాలయంలోనూ చేరలేదు. ఆటే తన ఉద్యోగం. క్లబ్బు ఇచ్చినదే జీతం.

ఇది పొగరు కాదు. ఆ రోజుల కలకత్తా ఫుట్‌బాల్ నడిచిన తీరు తెలిస్తే ఇది ఎంత సాహసమో బోధపడుతుంది. ఆటగాడు క్లబ్బుతో చేసుకునే ఒప్పందం సాధారణంగా ఒక్క సంవత్సరానిదే. యేటా ఒక ఋతువు వచ్చేది, మన మామిడిపండ్ల కాలం వలె. ఆటగాళ్ళు ఒక క్లబ్బు వదిలి మరొక క్లబ్బుకు సంతకం చేసే కాలం అది. ఆ రోజులలో క్లబ్బులవారు పేరున్న ఆటగాళ్ళను ప్రత్యర్థుల కంటబడకుండా దాచిపెట్టేవారు. పైకి చూస్తే వేడుక. ఆటగాని వైపు నుంచి చూస్తే, ప్రతి సంవత్సరం మళ్ళీ కొత్తగా పరీక్ష వ్రాయటం. నిరుడు బాగా ఆడావు సరే, ఈ యేడు మాటేమిటి? కాలికి దెబ్బ తగిలి ఒక యేడాది కూర్చుంటే తక్కినవారికి బ్యాంకు జీతం ఉన్నది. హబీబ్‌కు కాలు తప్ప మరొకటి లేదు.

1965-66 సంతోష్ ట్రోఫీలో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి విజేతగా నిలిచినది. ఆ 1966లోనే, పదిహేడో యేట, హబీబ్ ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్ళారు. భాష రాదు, బంధువులు లేరు. అక్కడి నుంచి 1984 వరకు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ మారి మారి ఆడారు. ఆ మూడు క్లబ్బుల అభిమానులు ఒకరి ముఖం ఒకరు చూడటానికి ఇష్టపడరు. ఒక క్లబ్బు విడిచి శత్రువుల క్లబ్బులో చేరినవాణ్ణి ద్రోహి అనటం వారికి పరిపాటి. అట్టి ఊరిలో అన్ని గుడారాలూ తిరిగి, అందరిచేతా 'బడే మియాఁ' అని గౌరవంగా పిలిపించుకోవటం మాటలు కాదు. నేటి ఒప్పందంలో ఏ చొక్కా ఉంటే ఆ చొక్కాకు చెమట అంతా ఇచ్చేవాడన్న నమ్మకం జనానికి కుదరబట్టే అది సాధ్యమైనది.

ఆయన ఆడిన చోటు గురించి విద్యార్థులకు కొంచెం చెప్పాలి. ఆ కాలపు వ్యూహంలో నలుగురు వెనుక, ఇద్దరు మధ్య, నలుగురు ముందు ఉండేవారు. మధ్యన ఇద్దరే కావటం వల్ల బంతి తేలికగా ఎదుటివారి చేజిక్కేది. ముందున్న నలుగురిలో ఒకడు తన సుఖం మానుకొని వెనక్కు వచ్చి, మధ్యవారితో కలిసి బంతిని గెలిచి, మళ్ళీ ముందుకు ఉరకాలి. హబీబ్ ఆ పని చేసేవారు. పేరుకు ముందువరుస, కష్టానికి మధ్యవరుస. ఎదుటి జట్టువాడు బంతి లాక్కుంటే చేతులు నడుముకు పెట్టుకొని నిలబడటం ఆయనకు చేతకాదు. వెంటబడి తిరిగి తెచ్చుకోవలసిందే. పొడుగరి కాదు, భారీ మనిషీ కాదు.

లెక్కల మాష్టార్లు ఇక్కడ ఒక చిన్న భాగహారం చేయవచ్చు. ఆట తొంభై నిమిషాలు. బంతి బయటకు పోవటం, ఫౌళ్ళు, దెబ్బలు తీసివేస్తే బంతి నిజంగా కదిలేది దాదాపు అరవై నిమిషాలు. ఆడేవారు ఇరవై ఇద్దరు. ఒక్కొక్కరి కాలి దగ్గర బంతి ఉండేది సగటున మూడు నిమిషాలకు లోపే. తక్కిన కాలమంతా బంతి లేని ఆట. మధ్యవరుసవాడు ఒక ఆటలో పది పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తుతాడని ఇప్పుడు యంత్రాలతో కొలిచి చెబుతున్నారు. అందులో బంతితో పరుగెత్తేది ఏ కొంచెమో. ప్రేక్షకులు బంతిని చూస్తారు గనుక ఆ మూడు నిమిషాలే జ్ఞాపకం ఉంటవి. వృత్తిగా ఆడేవాడు జీతం తీసుకునేది ఎక్కువగా ఆ మిగిలిన కాలానికి.

మా అల్లుడుగారికి ఈ లెక్క చెబితే, సినిమాలోనూ ఇంతేనన్నారు. తెర మీద రెండున్నర గంటలు ఉండేదానికి నెలల తరబడి చీకటి గదిలో ముక్కలు అతికేవాణ్ణి ఎవరూ చూడరట.

1970 నుంచి 1974 వరకు హబీబ్ రెండవసారి ఈస్ట్ బెంగాల్‌లో ఉన్నారు. ఆ క్లబ్బు చరిత్రలో అది బంగారుకాలం. 1970 నుంచి 1975 వరకు ఆరు సంవత్సరాలు వరుసగా కలకత్తా లీగు వారిదే. 1970లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో ఇరానుకు చెందిన పాస్ జట్టును, 1973లో ఉత్తర కొరియాకు చెందిన ప్యాంగ్‌యాంగ్ జట్టును ఓడించారు. 1970లోనే బాంకాక్ ఆసియా క్రీడలలో భారత జట్టు కాంస్య పతకం గెలిచినది. నాయకుడు మన హైదరాబాదు సయ్యద్ నయీముద్దీన్; జట్టులో హబీబ్. ఆ తరువాత 2023 వరకు ఆసియా క్రీడలలో మన పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు మరొక పతకం రాలేదు.

1972లో ఈస్ట్ బెంగాల్‌కు కొత్త శిక్షకుడు వచ్చారు. ఆయనే జకార్తాలో గోలు కొట్టిన పి.కె. బెనర్జీ. రహీం గారు పోయేనాటికి హబీబ్‌కు ఇంకా పద్నాలుగేళ్ళు నిండలేదు. వారి పెద్ద జట్లలో ఆడే భాగ్యం కలుగలేదు. హైదరాబాదు బడిపంతులు ఒక బెంగాలీ యువకునికి నేర్పిన విద్యను, పదేళ్ళ తరువాత ఆ బెంగాలీయే హైదరాబాదు కుర్రవానికి అప్పగించాడు. పాఠం ఎంత దూరం తిరిగి ఎవరి వద్దకు చేరుతుందో పాఠం చెప్పేవానికి తెలియదు. ముప్పై ఏళ్ళ నా చాకిరీలో ఇట్టిది ఒక్కటైనా జరిగి ఉంటే బాగుండునని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

1976లో హబీబ్ మోహన్ బగాన్‌కు మారారు. తమ్ముడు మహమ్మద్ అక్బర్ కూడా అందులోనే. ఆ యేడు లీగు పోటీలో అక్బర్ ఆట మొదలైన పదిహేడు సెకండ్లకే ఈస్ట్ బెంగాల్ మీద గోలు కొట్టి, కలకత్తాలో సగం ఇళ్ళలో ఆ పూట అన్నం సహించకుండా చేశాడు.

ఇక 1977 సెప్టెంబరు 24. ఈడెన్ గార్డెన్సులో మోహన్ బగాన్‌తో ఆడటానికి న్యూయార్క్ కాస్మాస్ జట్టు వచ్చినది. అందులో పెలే ఉన్నారు. 1970లో బ్రెజిల్ ప్రపంచ కప్పు నాయకుడు కార్లోస్ ఆల్బెర్టో ఉన్నారు. ఇటలీ ఆటగాడు కినాలియా ఉన్నారు. వర్షాలకు మైదానం చిత్తడిగా ఉన్నది. పెలే సరదాగా నాలుగు అడుగులు వేసి పోతే చాలునని జనం వచ్చారు. అంతకంటే ఎక్కువ ఎవరూ ఆశించలేదు. కార్లోస్ ఆల్బెర్టో మొదటి గోలు కొట్టారు. అంతలోనే శ్యాం థాపా సరిచేశాడు. ఆ తరువాత హబీబ్ గోలు కొట్టారు. మోహన్ బగాన్ 2, కాస్మాస్ 1. పెలే ఉన్న జట్టు వెనుకబడినది! చివరకు కినాలియా పెనాల్టీతో 2-2గా ముగిసినది గాని, ఊరికి అది గెలుపు కంటే ఎక్కువ. హబీబ్ ఆటను పెలే మెచ్చుకున్నారు. మరొక వారానికి, అక్టోబరు 1న, పెలే ఆట నుంచి విరమించారు.

చాలామంది రచయితలు హబీబ్ కథను ఇక్కడ ఆపుతారు. నన్ను ఆకర్షించేది ఆ మరుసటి దినాలు. కాస్మాస్ జట్టు విమానమెక్కి పోయినది. హబీబ్ మామూలు పనికి పోయారు. ఆ 1977లోనే మోహన్ బగాన్ ఐ.ఎఫ్.ఎ. షీల్డు, రోవర్స్ కప్పు, డ్యూరాండ్ కప్పు మూడూ గెలిచినది. పెలేతో సరిసమానంగా ఆడినందుకు ఎవరూ ఆయనకు నెలజీతం ఏర్పాటు చేయలేదు. మళ్ళీ సంతకాల కాలం వచ్చినది, మళ్ళీ పరీక్ష. ఇట్లా ఇంకా ఏడేళ్ళు. 1980లో అర్జున పురస్కారం ఇచ్చారు. ఆట మానిన తరువాత టాటా ఫుట్‌బాల్ అకాడెమీలో పిల్లలకు నేర్పారు. చివరి సంవత్సరాలలో పార్కిన్సన్ వ్యాధి పట్టుకున్నది, దానితోపాటు మతిమరుపు. అన్ని మైదానాలు పరుగెత్తిన కాళ్ళు, అన్ని ఆటలు గుర్తుంచుకున్న బుర్ర, రెండూ ఆయన మాట వినటం మానినవి.

ఈ కథంతా ఒక సాయంత్రం ఇంట్లో చెప్పాను. మనుమడు పెలే దగ్గర కళ్ళు పెద్దవి చేసుకున్నాడు. మా అమ్మాయి మాత్రం చివరిదాకా విని, "అంతా బాగుంది నాన్నా. చివరికి ఆయనకు మిగిలిందేమిటి?" అన్నది.

నేను వెంటనే బదులు చెప్పలేదు. ఉద్యోగం చేసి నెలనెలా పింఛను తెచ్చుకుంటున్న నాకు, అది వద్దన్నవాని లాభనష్టాలు తేల్చే అధికారం ఉన్నదా అని సందేహం కలిగినది. కథలో చివరి భాగం మానివేసి పెలేతో ముగించి ఉంటే పిల్లవాడు సంతోషించేవాడు. మొదటి భాగం మానివేసి జబ్బుతో మొదలుపెట్టి ఉంటే తల్లి సంతోషించేది. రెండూ చెప్పి ఇద్దరికీ కాకుండా పోయాను.

అప్పుడు అల్లుడుగారు నెమ్మదిగా అన్నారు: "మామయ్యగారూ, నేను బ్యాంకు వదిలిన రోజున మీరు నన్ను ఒకటే అడిగారు, కూడు మాట. పని ఎంత కష్టమో, నేను ఓర్చగలనో లేదో అడగలేదు. వీణ్ణి ఆ మాట అడగండి."

మరునాడు తెల్లవారుజామున ఐదు గంటలకు మనుమణ్ణి లేపాను. బంతి తీసుకోబోతే వద్దన్నాను. ఫిల్మ్‌నగర్‌లో మా వీధి నిటారుగా కొండ ఎక్కుతుంది. వీధి దీపాలు ఇంకా ఆరలేదు. షూటింగులకు పోయే వ్యాన్లు లైట్ల సామాను వేసుకొని దిగువకు పోతున్నవి. పిల్లవాడు క్రింది మలుపు నుంచి పై మలుపు దాకా పరుగెత్తి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కాడు. మూడోసారి ఎక్కాక నా వంక చూశాడు. చాలునని నేను అనలేదు, ఇంకా పరుగెత్తమనీ అనలేదు. వాడు చొక్కా చేతితో ముఖం తుడుచుకొని మళ్ళీ దిగాడు. నేను అరుగు మీద కూర్చొని లెక్కపెట్టసాగాను.